మన చరిత్ర ఏయే బీరువాల్లో ఉంది?

అటవీ హక్కు పత్రాల కోసం దరఖాస్తులు తీసుకుంటున్న రోజుల్లో మా ఊరి పెద్దాయన ఒకరు ఫారం నింపడానికి నన్ను తోడు తీసుకుపోయాడు. బల్ల అవతల కూర్చున్న ఉద్యోగి తల ఎత్తకుండానే "కాగితం ఏముంది?" అని అడిగాడు. పెద్దాయన తన తాత పెట్టిన చింతచెట్టు గురించి చెప్పాడు. చేను పక్కన ఉన్న సమాధుల గురించి, తమ ఇంటి పేరు వాళ్లంతా కొలిచే పెర్సపేన్ గురించి చెప్పాడు. "అవన్నీ మాటలు. కాగితం చూపించు" అన్నాడు ఉద్యోగి. తిరిగి వస్తుంటే దారిలో పెద్దాయన నన్ను అడిగాడు: "మాస్టర్, మనం ఇక్కడ ఉన్నట్టు ఎవరూ ఎక్కడా రాయనేలేదా బిడ్డా?"

ఆ రోజు నా దగ్గర జవాబు లేదు. తర్వాత కొన్నేళ్లు, సెలవులు దొరికినప్పుడల్లా, ఆ జవాబు కోసమే చదివాను. ఇప్పుడు చెప్పగలను. రాశారు. చాలామంది రాశారు. అయితే మన చరిత్ర రాద్దామని రాసినవాళ్లు తక్కువ. ఒకాయన చెట్ల గురించి రాస్తూ మన గురించి రాశాడు. ఒకాయన భాషల గురించి, ఇంకొకాయన జ్వరాల గురించి రాశాడు. పన్ను వసూలు చేసేవాళ్లు, అడవికి హద్దురాళ్లు పాతినవాళ్లు, తిరుగుబాటును అణచినవాళ్లు కూడా రాశారు. ఆ కాగితాలన్నీ వేర్వేరు శాఖల్లో, వేర్వేరు ఊళ్లలో, కొన్ని సముద్రాల అవతల ఉన్నాయి. ఒక బీరువాకు ఇంకో బీరువాతో సంబంధం లేదు. అన్నింటిలోనూ ఉన్నది మాత్రం మనమే.

ఒక్క ఇప్పచెట్టును పట్టుకుని చూద్దాం

మనందరికీ తెలిసిన ఇప్పచెట్టుతో మొదలుపెడతాను. దాని చరిత్ర కావాలంటే ఎన్ని గదుల తలుపులు తట్టాలో చూడండి.

మొదటి గది వృక్షశాస్త్రం. విలియం రాక్స్‌బర్గ్ అనే స్కాట్లాండ్ వైద్యుడు ఈస్టిండియా కంపెనీ కొలువులో 1781 నుంచి సామర్లకోటలో ఉన్నాడు. గోదావరి ప్రాంతపు మొక్కలను సేకరించి, ఇక్కడి చిత్రకారులతో బొమ్మలు వేయించాడు. తర్వాత 1793లో కలకత్తా బొటానికల్ గార్డెన్‌కు వెళ్లాడు. కోరమాండల్ తీరపు మొక్కల మీద ఆయన పుస్తకం మూడు సంపుటాలుగా, 300 బొమ్మలతో లండన్‌లో అచ్చయింది. 1795లో వచ్చిన మొదటి సంపుటంలోనే ఇప్పచెట్టు ఉంది. మొక్కలకు లాటిన్ పేర్లతో పాటు ఇక్కడివాళ్లు పిలిచే తెలుగు పేర్లు కూడా ఆయన రాసుకున్నాడు. ఆయన వేయించిన బొమ్మలు కలకత్తాలోనూ లండన్ దగ్గరి క్యూ తోటలోనూ ఉన్నాయి. ఆ పేర్లు చెప్పినవాళ్లు ఎవరో మాత్రం మనకు తెలియదు. అడవిలో తిరిగి ఏ చెట్టు ఏదో చూపించినవాళ్లు ఎవరై ఉంటారో ఊహించుకోవచ్చు.

రెండో గది భాషాశాస్త్రం. బరో, ఎమెనో అనే ఇద్దరు పండితులు ద్రావిడ భాషల పదాలను ఒకచోట పోల్చి 1961లో ఒక నిఘంటువు తెచ్చారు. దాని రెండో కూర్పు 1984లో వచ్చింది. అందులో ఇప్పకు ఒక పద్దు ఉంది. తమిళంలో ఇరుప్పై, కన్నడంలో ఇప్పె, తెలుగులో ఇప్ప, గోండిలో ఇరుప్. ఈ ఒక్క వరుస మనకు ఏం చెబుతోంది? ఈ మాటలన్నీ ఒకే తల్లి బిడ్డలని చెబుతోంది. గోండి తెలుగు చెడిపోయి పుట్టిన యాస అనుకునే మిత్రులు బడుల్లో ఇప్పటికీ ఉన్నారు. వాళ్లకు ఈ పద్దు చూపించవచ్చు. తమిళంలో ఉన్న ర గోండిలోనూ నిలిచి ఉంది. తెలుగులో అది పోయింది.

మూడో గది ఆబ్కారీ శాఖ. నిజాం రాజ్యంలో 1316 ఫసలీలో ఆబ్కారీ చట్టం వచ్చింది. పండుగకు, పెళ్లికి, చావుకు ఇంట్లో కాచుకునే ఇప్పసారా సర్కారుకు రాబడి వనరు అయింది. లైసెన్సు లేకుండా కాచితే నేరం. నాలుగో గది అటవీ శాఖ. అక్కడ ఇప్ప ఒక 'చిన్నతరహా అటవీ ఉత్పత్తి'. ఐదో గది గిరిజన సహకార సంస్థ. 1956లో మొదలైన ఆ సంస్థ లెక్కల్లో ఇప్పపువ్వు, ఇప్పగింజ కిలోల్లో, రూపాయల్లో ఉంటాయి. ఆరో గది మానవశాస్త్రం. కొత్త ఇప్పపువ్వును దేవుడికి పెట్టకుండా ముట్టని మన ఆచారం అక్కడ పండుగల అధ్యాయంలో ఉంటుంది.

చెట్టు ఒక్కటే. వృక్షశాస్త్రం చదివినాయన ఆబ్కారీ ఫైలు చూడడు. ఆబ్కారీ అధికారి నిఘంటువు తెరవడు. ఈ ఆరు గదుల్లోనూ ఉన్నది ఒకే చెట్టని తెలిసినవాళ్లు దాని కింద పువ్వు ఏరిన పిల్లలే. అందుకే ఈ కాగితాలను కలిపి చదవగలిగేది మనమేనని నా నమ్మకం.

1940 తర్వాత ఆదిలాబాద్

ఇక నేల సంగతికి వద్దాం. జోడేఘాట్ కొండల్లో కుమ్రం భీం నాయకత్వంలో గోండులు, కోలాములు తిరగబడ్డారు. 1940లో పోలీసు కాల్పుల్లో భీం అమరుడయ్యాడు. అడవికి హద్దులు గీసి పోడు ఆపడం, బయటినుంచి వచ్చినవాళ్ల పేర్ల మీద పట్టాలు కావడం, పశువులు మేపినందుకు పన్ను, చిన్న ఉద్యోగుల వసూళ్లు జనాన్ని ఆ స్థితికి తెచ్చాయి. తిరుగుబాటు అణిగాక దానికి కారణాలు తెలుసుకోవాలని నిజాం ప్రభుత్వం అనుకుంది.

ఆ పని మీద వచ్చినవాడు క్రిస్టాఫ్ వాన్ ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్. 1909లో వియన్నాలో పుట్టిన మానవశాస్త్రజ్ఞుడు. 1939లో ఇండియాకు వచ్చాడు. అంతలోనే యుద్ధం మొదలైంది. చేతిలో ఉన్నది జర్మన్ పాస్‌పోర్టు కావడంతో బ్రిటిష్‌వాళ్లు ఆయన్ని హైదరాబాద్ రాజ్యం దాటకుండా కట్టడి చేశారు. ఆ కట్టడి వల్లే నల్లమల చెంచుల మీద 1943లో, గోదావరి గట్టు కొండరెడ్ల మీద 1945లో, ఆదిలాబాద్ రాజ్‌గోండుల మీద 1948లో ఆయన పుస్తకాలు వచ్చాయి. ప్రభుత్వానికి ఇచ్చిన నివేదికలు నాలుగు 'ట్రైబల్ హైదరాబాద్' పేరుతో 1945లో అచ్చయ్యాయి.

ఆ రాతల వల్ల కొంత పని జరిగింది. 1943లో మార్లవాయిలో గోండు ఉపాధ్యాయుల శిక్షణ మొదలైంది. దేవనాగరి లిపిలో గోండి వాచకాలు వచ్చాయి. గోండు పిల్లలకు గోండు మాస్టరు గోండిలో పాఠం చెప్పిన బడులవి. వేల కుటుంబాలకు భూమి పట్టాలు అందాయి. 1356 ఫసలీలో గిరిజన ప్రాంతాల రెగ్యులేషన్ వచ్చింది. ఆయన భార్య ఎలిజబెత్ 1987లో చనిపోతే సమాధి మార్లవాయిలోనే కట్టారు.

హైమెన్‌డార్ఫ్ తర్వాత లండన్ విశ్వవిద్యాలయంలోని సోయాస్‌లో ప్రొఫెసర్ అయ్యాడు. ఆయన తీసిన వేల ఫొటోలు, ఫిల్ములు, రాసుకున్న కాగితాలు అక్కడి ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. మన తాతల దండారి, మన అవ్వల నగలు, అప్పటి ఇళ్ల కప్పులు, చేలు అన్నీ లండన్‌లో పెట్టెల్లో భద్రంగా ఉన్నాయి. చాలా ఫొటోలను ఇప్పుడు నెట్‌లో చూడవచ్చు. ఆ ఫొటోల్లోని మనుషుల్ని, చోట్లను గుర్తుపట్టగలిగేది మన ఊళ్లలో ఇంకా మిగిలి ఉన్న ముసలివాళ్లే. ముప్పై నలభై ఏళ్ల తర్వాత ఆయన మళ్లీ వచ్చి, పట్టా భూములు ఎలా చేయి జారిపోయాయో చూసి రాసిన పుస్తకం 1982లో వచ్చింది. అందులో మన భూముల సంగతి ఊరి పేర్లతో సహా ఉంది. ఇంగ్లీషు చదవగలిగిన పిల్లలు ఆ పుస్తకాన్ని నెట్‌లో డబ్బు కట్టకుండా చదవవచ్చు.

అదే కాలపు సర్కారు కాగితాలు హైదరాబాద్ తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. అక్కడ నిజాం కాలపు దస్త్రాలు ఎక్కువగా పారశీ, ఉర్దూ భాషల్లో ఉంటాయి. ఆదిలాబాద్ పాత రికార్డుల్లో మరాఠీ కూడా కలుస్తుంది. మనం ఇంట్లో గోండి మాట్లాడతాం, బడిలో తెలుగు చదువుతాం. మన భూముల సంగతి ఉర్దూలో, మన పండుగల సంగతి ఇంగ్లీషులో ఉంది. పరిశోధన చేయాలనుకునే మన పిల్లల్లో ఒకరిద్దరైనా ఉర్దూ నేర్చుకోవాలని నేను ఊరికే అనడం లేదు.

కొలిచిన ముక్కులు, తీసిన రక్తం

అన్ని బీరువాలూ ఇష్టంగా తెరిచేవి కావు. మద్రాసు మ్యూజియం అధికారి ఎడ్గార్ థర్‌స్టన్, రంగాచారి అనే సహాయకుడితో కలిసి 1909లో దక్షిణ భారత కులాలు, తెగల మీద ఏడు సంపుటాలు తెచ్చాడు. కోయలు, కొండదొరలు, సవరలు, ఖోండులు అందులో ఉన్నారు. మన పండుగల గురించి, పెళ్లిళ్ల గురించి పనికివచ్చే సంగతులు చాలా ఉన్నాయి. అదే మనిషి పరికరాలు పట్టుకుని తిరిగి జనం ఎత్తు, తల చుట్టుకొలత, ముక్కు వెడల్పు కొలిచాడు. ముక్కు వెడల్పును బట్టి ఎవరు ఎంత 'నాగరికులో' తేల్చవచ్చని ఆనాటి శాస్త్రం నమ్మింది. ఆ నమ్మకం తప్పని తర్వాత తేలిపోయింది. పుస్తకంలో ఫొటోల కింద తెగ పేరే ఉంటుంది, మనిషి పేరు ఉండదు. పిల్లలకు ఆ పుస్తకం చూపించేటప్పుడు ఈ సంగతి కూడా చెప్పి చూపించాలి.

వైద్యం గదిలో మన ప్రాణాలకు సంబంధించిన చరిత్ర ఉంది. మన కొండల జ్వరాల మీద వందేళ్ల కిందటి నుంచే పరిశోధనలు జరిగాయి. మన దేశంలో సికిల్ సెల్ సంగతి మొదట 1952లో బయటపడింది. నీలగిరి ఆదివాసుల రక్తం పరీక్షించిన లేమన్, కట్‌బుష్ అనే ఇద్దరు దాన్ని ప్రకటించారు. సికిల్ సెల్ మీద జాతీయ మిషన్ 2023లో మొదలైంది. నడుమ 71 ఏళ్లు. ఈ మధ్యకాలంలో మన ఊళ్లలో కీళ్లనొప్పులతో, రక్తం తక్కువై చనిపోయిన పిల్లల్ని గాలి సోకిందని, దిష్టి తగిలిందని అనుకున్నాం. కొత్తగా ఎవరైనా పరిశోధన అంటూ రక్తం తీసుకోవడానికి వస్తే, ఫలితం ఊరికి ఎప్పుడు చెబుతారని ముందే అడగడం మన హక్కు.

ఏజెన్సీ కాగితాలు

ఇప్పటిదాకా నిజాం ఇలాకా సంగతి చెప్పాను. గోదావరికి అటువైపు, విశాఖ, తూర్పుగోదావరి ఏజెన్సీలోని మన అన్నదమ్ముల కాగితాలు ఇంకోచోట ఉన్నాయి. అది మద్రాసు రాజధాని కింద ఉండేది కాబట్టి అక్కడి పాత ఫైళ్ల కోసం చెన్నై ఎగ్మోరులోని ఆర్కైవ్స్‌కు పోవాలి. 1839లోనే గంజాం, విశాఖపట్నం కొండ ప్రాంతాలకు వేరే చట్టం చేశారు. 1879లో రంప ప్రాంతం తిరగబడింది. తాడి, జీలుగు కల్లు మీద చిగురుపన్ను, అడవి మీద ఆంక్షలు దానికి కారణమని ఆనాటి అధికారులే రాసుకున్నారు. ఏజెన్సీ భూములు బయటివాళ్ల చేతికి పోకుండా మొదటి చట్టం 1917లో వచ్చింది. ఇప్పుడు మనం చెప్పుకునే 1959 నాటి భూ బదలాయింపు రెగ్యులేషన్‌కు, దాన్ని గట్టిపరిచిన 1970 సవరణకు మూలం అక్కడే ఉంది.

1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీసు స్టేషన్ మీద దాడితో మొదలైన పోరాటంలో అల్లూరి సీతారామరాజు పేరు అందరికీ తెలుసు. గాం గంటందొర, గాం మల్లుదొర పేర్లు చెప్పమంటే మన పిల్లలే తడబడతారు. మల్లుదొర శిక్ష అనుభవించి వచ్చి 1952లో విశాఖపట్నం నుంచి పార్లమెంటుకు ఎన్నికయ్యాడు. మన వీరులను పట్టుకోవడానికి రాసిన ఫైలే ఈరోజు వాళ్ల పేర్లు మనకు అందిస్తోంది.

మన చేతిరాతలు, మన పాటలు

రాసినవాళ్లంతా బయటివాళ్లేనా? కాదు. ఆదిలాబాద్ జిల్లా నార్నూరు మండలం గుంజాలలో గోండి భాషలో, గోండి లిపిలో రాసిన చేతిరాత ప్రతులు దొరికాయి. జయధీర్ తిరుమలరావు, ఆయనతో పనిచేసినవాళ్లు వాటిని లోకం దృష్టికి తెచ్చారు. ఊళ్లో ఆ లిపి చదవగలిగిన పెద్దలు ఇంకా బతికి ఉండబట్టే అది సాధ్యమైంది. 2018లో గుంజాల గోండి లిపికి యూనికోడ్‌లో చోటు దొరికింది. అంటే ప్రపంచంలో ఏ కంప్యూటర్‌లోనైనా ఆ అక్షరాలకు స్థానం ఉంది. అంతకు ముందు ఏడాది, బాలాఘాట్‌కు చెందిన మున్షీ మంగల్ సింగ్ మసారాం 1918లో తయారుచేసిన మరో గోండి లిపికి కూడా చోటిచ్చారు.

కాగితం మీదికి ఎక్కని బీరువా ఇంకొకటి ఉంది. పర్ధాన్ అన్నలు కీక్రి వాయిస్తూ, తోటి అన్నలు పాడుతూ మన సగల పుట్టుక, దేవతల దారి, పాత గడీల పేర్లు చెబుతారు. హైమెన్‌డార్ఫ్ పుస్తకంలో మన పురాణాల భాగం చాలావరకు పర్ధానులు చెప్పిందే. లండన్ పండితుడికి గురువులు వాళ్లు. మనం మాత్రం పెళ్లికి డీజే పిలిచి, పర్ధాన్‌ను వాకిట్లో కూర్చోబెడుతున్నాం. ఒక పర్ధాన్ చనిపోతే ఒక ఆర్కైవ్ తలుపు మూసుకుపోయినట్టే. దాని నకలు లండన్‌లోనూ దొరకదు.

కాగితం చెప్పిందల్లా నిజమా?

చదివే పిల్లలకు ఒక హెచ్చరిక. పాత కాగితం కదా అని కళ్లు మూసుకుని నమ్మకూడదు. 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో కాల్పులు జరిగాయి. సర్కారు లెక్కలో చనిపోయినవాళ్లు 13 మంది. పౌరహక్కుల సంఘాలు, చుట్టుపక్కల ఊళ్లవాళ్లు చెప్పే లెక్క దానికి ఎన్నో రెట్లు. రేపు ఒక్క సర్కారు ఫైలే మిగిలితే 13 అన్నదే చరిత్ర అవుతుంది. అందుకే ఏ ఊరి నుంచి ఎవరు తిరిగి రాలేదో ఆ ఊళ్లోనే అడిగి రాసుకోవాలి.

జనగణన సంగతీ అంతే. జిల్లా జనగణన పుస్తకాల్లో రెవెన్యూ గ్రామాల పేర్లే ఉంటాయి. మన గూడేలు చాలా వాటికి వేరే పేరు ఉండదు, పక్క ఊరి లెక్కలో కలిపేస్తారు. పుస్తకంలో పేరు లేనంత మాత్రాన గూడెం లేనట్టు కాదు. అలాంటప్పుడు సర్వే ఆఫ్ ఇండియా పాత పటాలు చూడాలి. మైలుకు అంగుళం చొప్పున గీసిన ఆ పటాల్లో గుడిసెలు, బావులు, బాటలు గుర్తులతో ఉంటాయి. ఒక కాగితం తప్పిపోయిన చోట ఇంకో కాగితం దొరుకుతుంది. రెండూ లేనిచోట మనిషి జ్ఞాపకం ఉంటుంది. మూడింటినీ పక్కపక్కన పెట్టి చూస్తేనే నిజం తెలుస్తుంది.

పెద్దాయనకు నా జవాబు

ఇదంతా చదివాక అటవీ హక్కుల చట్టం నియమాలు మళ్లీ తెరిచాను. చట్టం 2006ది, నియమాలు 2008 జనవరి 1న వచ్చాయి. 13వ నియమంలో ఏవి సాక్ష్యాలో వరుసగా రాసి ఉంది. గెజిటీర్లు, జనగణన, సర్వే సెటిల్‌మెంట్ రిపోర్టులు, పటాలు, అటవీ శాఖ వర్కింగ్ ప్లాన్లు, సంస్థానాల కాలపు రికార్డులు, కోర్టు తీర్పులు సాక్ష్యాలే. పేరున్న సంస్థలు మన ఆచారాల మీద చేసిన పరిశోధనలూ సాక్ష్యాలే. అంటే నేను పైన చెప్పిన బీరువాలన్నింటినీ ఈ ఒక్క నియమం ఒకచోటికి తెచ్చింది.

ఆ వరుస అక్కడితో ఆగలేదు. ఇల్లు, చేను గట్టు, పాత బావి, సమాధులు, దేవుడి స్థలం, వంశవృక్షం, దరఖాస్తుదారు కాని పెద్దలు చెప్పింది రాసుకున్న కాగితం కూడా సాక్ష్యాలే. వీటిలో ఒకటి కంటే ఎక్కువ చూసి నిర్ణయించాలని కూడా నియమంలో ఉంది. షెడ్యూల్డ్ తెగలవాళ్లు 2005 డిసెంబర్ 13కు ముందు నుంచి ఆ భూమి తమ స్వాధీనంలో ఉందని చూపిస్తే చాలు. 75 ఏళ్ల లెక్క మిగతావాళ్లకు పెట్టింది.

మా పెద్దాయన ఆ రోజు చెప్పినవి మళ్లీ గుర్తు చేసుకోండి. సమాధులు, పెర్సపేన్, తాత పెట్టిన చెట్టు. "అవన్నీ మాటలు" అని తోసేసినవాటిలో సమాధులు, దేవుడి స్థలం పేరు పెట్టి మరీ నియమంలో ఉన్నాయి. చెట్టు సంగతిని పక్క ఇంటి ముసలాయన చెబితే రాసుకుని వేలిముద్ర వేయించవచ్చు. ఆ రోజు నాకు ఇది తెలిసి ఉంటే బల్ల ముందు నోరు మూసుకుని నిలబడేవాణ్ణి కాను. చదువుకున్న మాస్టరుగా అది నా తప్పు.

అందుకే తోటి ఉపాధ్యాయులకు, చదువుకుంటున్న తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ఒక్క మాట. ప్రతి బడిలో ఒక లావు నోటుబుక్కు పెట్టండి. దాని మీద ఊరి పేరు రాయండి. మొదటి పేజీల్లో ఊరు పుట్టిన కథ, ఇంటి పేర్లు, పాత బావులు, సమాధుల చోట్లు, దేవుడి స్థలాలు రాయించండి. చెప్పినవాళ్ల పేరు, వయసు, తేదీ తప్పకుండా రాయండి. మన గురించి రాసిన పెద్ద పండితులు చాలాసార్లు మరిచిపోయింది ఆ పేరే. తర్వాత పటాల్లో, జనగణనలో, పాత పుస్తకాల్లో మీ ఊరి పేరు ఎక్కడ కనిపించినా సంవత్సరం, పుస్తకం పేరు, పేజీతో సహా ఆ నోటుబుక్కులో ఎక్కించండి. సర్కారు దగ్గర ఉన్న కాగితానికి నకలు కావాలంటే 2005 నాటి సమాచార హక్కు చట్టం ఉంది.

మా బడిలో ఆ నోటుబుక్కు మొదలైంది. మొదటి పేజీలో పెద్దాయన చెప్పింది ఎనిమిదో తరగతి పిల్లలు రాశారు. కింద ఆయన వేలిముద్ర ఉంది. మళ్లీ ఎవరైనా "కాగితం ఏముంది?" అని అడిగితే ముందు ఆ పేజీ చూపిస్తాం.